కడపలో పియానో వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా? నెలకోసారి కలిసి వాయిద్దాం

పాలకొండల గాలి · ఆదివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది కడప, కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ఇల్లు. చెన్నైలో చదువుకునే రోజుల్లో మూడేళ్లు పియానో నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చి ఊరికి తిరిగొచ్చాక 88 కీస్ డిజిటల్ పియానో ఒకటి కొనుక్కుని, పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రోజూ ఒక గంట వాయిస్తున్నాను. ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో నేను వాయించింది విన్నది నేనొక్కడినే.

మొన్న మా మేనత్త కొడుకు గృహప్రవేశానికి పోతే వాళ్లింట్లో కీబోర్డు ఉంది. అందరూ వాయించు వాయించు అని కూర్చోబెట్టారు. రెండు నెలలుగా రోజూ వాయిస్తున్న పీసే, ఎనిమిదో బార్ (తాళంలో ఒక ఆవర్తం లాంటి ముక్క) దగ్గర చేతులు ఆగిపోయాయి, ఎక్కడున్నానో తెలియలేదు, మొదటి నుంచి మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు, వక్కాకు తీసుకుని భోజనాలకు లేచారు. ఆ రాత్రి ఇంటికొచ్చి వాయిస్తే ఒక్క తప్పు లేకుండా వచ్చింది. ఇంకొకరు వింటుండగా వాయించడం వేరే విద్య, ఒంటరిగా ఎంత సాధన చేసినా అది రాదని నాకు ఆ రాత్రే తెలిసింది.

వీణ, వయొలిన్, మృదంగం నేర్చుకున్నవాళ్లకు త్యాగరాజ ఆరాధన ఉంది, శ్రీరామనవమి పందిళ్లు ఉన్నాయి, గుళ్లో కచేరీలు ఉన్నాయి. పియానో నేర్చుకున్నవాళ్లు మన ఊళ్లో ఎక్కడ కూర్చోవాలి? అందుకే అడుగుతున్నాను. నలుగురైదుగురం నెలకోసారి ఒకచోట చేరి ఒకరికొకరు వాయించి వినిపించుకుందాం. క్లాసు కాదు, పోటీ కాదు, టికెట్ కచేరీ అంతకన్నా కాదు. ఎంత వచ్చినా సరే, ఒక పేజీ వచ్చినా సరే. ఎవరైనా ఉన్నారా?


ఎర్రముక్కపల్లి 61 · ఆదివారం రాత్రి 10:52

నేనున్నా అన్నా. సొంతంగా వీడియోలు చూసి నేర్చుకుంటున్నా, రెండేళ్లయింది. నా దగ్గర 61 కీస్ కీబోర్డే ఉంది, కీస్ తేలిగ్గా ఉంటాయి, పియానో మాదిరి బరువుండవు. అట్లాంటివాళ్లు రావచ్చా?


పాలకొండల గాలి · ఆదివారం రాత్రి 11:10

తప్పకుండా రా తమ్ముడూ. 61 కీస్ అంటే ఐదు ఆక్టేవ్‌లు, మన లెక్కలో ఐదు స్థాయిలు. మొజార్ట్ వాయించిన పియానోకి కూడా ఐదు ఆక్టేవ్‌లే. కాకపోతే అది మన కీబోర్డు కన్నా కింది స్వరం నుంచి మొదలవుతుంది కాబట్టి ఎడమచేతి వైపు కొన్ని స్వరాలు నీకు అందవు. బాఖ్ అయితే ఇంకా సుఖం, ఆయన సి మేజర్ ప్రిల్యూడ్ 35 బార్లూ 61 కీస్‌లోనే సరిపోతాయి, పెడల్ (స్వరం మోగుతూ ఉండేందుకు కాలితో తొక్కేది) కూడా అవసరం లేదు. బరువు కీస్ మీదికి వచ్చేసరికి మొదట్లో వేళ్లు నొప్పి పెడతాయి, శబ్దం నువ్వనుకున్నంత రాదు. కలిసే రోజు ఒక అరగంట ముందు వచ్చి నా దాని మీద చెయ్యి అలవాటు చేసుకో.


క్వైర్ అన్న · సోమవారం ఉదయం 7:20

మారియాపురం వైపు నుంచి. ఇరవై ఏళ్లుగా ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తున్నాను. పాటకు వెనకాల వాయించడం నాకు నిద్రలో కూడా వస్తుంది, పాడేవాళ్లు శ్రుతి తప్పినా పట్టుకుని లాక్కొస్తాను. కానీ పాట లేకుండా ఒంటరిగా పియానో పీస్ వాయించమంటే నాకూ చేతులు చల్లబడతాయి. వందల మంది ముందు వాయించేవాడికి ఐదుగురి ముందు భయమేమిటని మా ఇంట్లో వాళ్లు అడిగారు. అక్కడ అందరూ దేవుడి వైపు చూస్తుంటారు, ఇక్కడ నా వేళ్ల వైపు చూస్తారు, అంతే తేడా.

అసలు పియానో కావాలని ఎవరైనా అంటారేమోనని ముందే ఒక మాట చెప్తాను. నేను పెరిగిన చర్చిలో పాతకాలపు అప్‌రైట్ పియానో ఉండేది. దాంట్లో రెండు వందల ముప్పై దాకా తీగలుంటాయి, అన్నీ కలిపి పద్దెనిమిది టన్నుల లాగుడు ఒక ఇనుప చట్రం మీద ఉంటుంది. చెక్కకు గాల్లో తేమ నలభై, యాభై శాతం మధ్య నిలకడగా ఉండాలి. మన ఊరి మే నెల ఎండకు చెక్క ఎండి సౌండ్‌బోర్డు (శబ్దాన్ని పెద్దది చేసే చెక్క పలక) పగులు ఇచ్చింది, తీగలు చుట్టే పిన్నులు వదులై శ్రుతి నిలిచేది కాదు. వానాకాలం రాగానే అదే చెక్క ఉబ్బి కీస్ కిందికి పోయి పైకి రాకుండా ఇరుక్కునేవి. శ్రుతి చేసేవాళ్లు చెన్నై నుంచి రావాలి, ఏడాదికి రెండుసార్లు చేయించాలి, అంత ఖర్చు ఎవరు పెడతారు? చివరికి దాని మీద పూలకుండీలు పెట్టారు. చిన్నప్పుడు దాని ముందు కూర్చుని నేర్చుకున్నవాణ్ణి, ఆ కుండీలు చూసిన ప్రతిసారీ బాధగా ఉండేది. మనకు మంచి డిజిటల్ పియానో ఒక్కటి చాలు.


నాలుగో వేలు · సోమవారం మధ్యాహ్నం 1:05

ఆలోచన బాగుంది, నేనూ వస్తాను. కానీ ఒక్క నియమం మొదటే పెట్టుకోవాలి. వెస్టర్న్ క్లాసికల్ మాత్రమే. లేదంటే రెండో నెలకే సినిమా పాటలు, మూడో నెలకు మైకు, నాలుగో నెలకు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. ఇంతకుముందు వేరే ఊళ్లో ఇట్లాంటి గుంపు ఒకటి నా కళ్ల ముందే అట్లా అయిపోయింది.


ప్రొద్దుటూరు ఎడమచెయ్యి · సోమవారం మధ్యాహ్నం 2:30

నాలుగో వేలు గారూ, అట్లయితే నాకు చోటు లేదన్నమాట. నేను ఇళయరాజా గారి పాటలు రెండు చేతులకీ సొంతంగా రాసుకుని వాయిస్తాను. మా ఊళ్లో బంగారం కొట్టు చూసుకుంటూ మధ్యాహ్నం గిరాకీ లేని పూట కౌంటర్ వెనకాల కాగితం మీద ఎడమచేతి బాణీ రాసుకుంటాను. ఒక్కో పాటకు నెల పడుతుంది. దాని కోసం బస్సెక్కి యాభై కిలోమీటర్లు రావడానికి సిద్ధం. వచ్చాక ఇది సంగీతం కాదంటే ఎట్లా సార్?


నాలుగో వేలు · సోమవారం సాయంత్రం 6:48

మిమ్మల్ని నొప్పించాలని కాదు. నేను భయపడేది పాట గురించి కాదు. కీబోర్డులో రిథమ్ ఆన్ చేసి, ఎడమచేత్తో ఒక్క కార్డ్ (కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుని, మిగతా అంతా మిషన్ వాయిస్తుంటే కుడిచేత్తో ట్యూన్ కొట్టడం ఉంది చూడండి, అది మొదలైతే రోజూ రెండు గంటలు స్కేల్స్ సాధన చేసేవాడికి అక్కడ పనుండదు. మీరు రెండు చేతులకూ రాసుకుని వాయిస్తానంటున్నారు. అది వినాలని నాకే ఉంది ఇప్పుడు.


పాలకొండల గాలి · సోమవారం రాత్రి 9:30

ఇద్దరి మాటా విన్నాను. అయితే నియమం ఇట్లా పెట్టుకుందాం. ఏ సంగీతమైనా సరే, రిథమ్ ఆన్ చేయకూడదు, వెనకాల ట్రాక్ పెట్టకూడదు. వినిపించేదంతా వాయించేవాళ్ల చేతుల్లోంచే రావాలి.


గ్రేడ్ 3 అమ్మ · మంగళవారం ఉదయం 11:15

నమస్తే అండీ. నాకు పియానో రాదు, మా పాప నేర్చుకుంటోంది, తనకు పదకొండేళ్లు. ఆన్‌లైన్ క్లాసులే. లండన్ వాళ్ల పరీక్షలు రాస్తోంది, 2020 నుంచి వీడియో తీసి పంపే పద్ధతి కూడా వచ్చింది కాబట్టి చెన్నైకో బెంగళూరుకో తిరగాల్సిన అవసరం తప్పింది. కానీ దానితో ఇంకో చిక్కు వచ్చింది. పరీక్ష కోసం నేర్చుకున్న మూడు నాలుగు పీసులు ఏడాదంతా అవే వాయిస్తుంది, కెమెరా ముందు వాయిస్తుంది, మనిషి ముందు వాయించదు. మా మామగారు కుర్చీ వేసుకుని కూర్చుంటే లేచి లోపలికి పోతుంది. పిల్లల్ని తీసుకురావచ్చా?


ఎర్రముక్కపల్లి 61 · మంగళవారం ఉదయం 11:40

అక్కా, నిజం చెప్పాలంటే పదకొండేళ్ల పాప నాకన్నా బాగా వాయిస్తే నాకు కొంచెం టెన్షనే. అయినా తీసుకురండి. నేను ముందు వాయించేస్తా, తర్వాత పాప వాయిస్తుంది.


నడి సి · మంగళవారం రాత్రి 8:05

నేను కడపలోనే లెక్చరర్‌ని. స్కూల్లో చదివేటప్పుడు నేర్చుకుని వదిలేసి, నలభై దాటాక మళ్లీ మొదలుపెట్టాను. రావాలని చాలా ఉంది. కానీ చోటు, వేళ గురించి ముందు మాట్లాడుకోవాలి. ముఖం తెలియని వాళ్ల ఇంటికి సాయంత్రం ఏడింటికి ఒంటరిగా రావడం నాకు కుదరదు, నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు, వాళ్లు ఇక్కడ రాయరు, ఊరికే చదివి ఊరుకుంటారు. ఆదివారం ఉదయం పదిన్నరకు పెట్టండి. ఇంట్లో వాళ్లను వినడానికి తీసుకురావచ్చని చెప్పండి. మొదటిసారి ఎవరి ఇంట్లోనో కాకుండా నలుగురూ వచ్చిపోయే చోట కలుద్దాం. ఇవి మూడూ ఉంటే నేను వస్తాను, ఇంకో ఇద్దరిని తీసుకొస్తాను.


పాలకొండల గాలి · మంగళవారం రాత్రి 8:40

మేడమ్, ఇవి నాకు తట్టలేదు, చెప్పినందుకు చాలా థాంక్స్. మూడింటికీ సరే. మా కాలనీ వాళ్ల కమ్యూనిటీ హాలు ఉంది, మెయిన్ రోడ్డు మీదే, ఆదివారం ఉదయం పెళ్లిచూపులో పుట్టినరోజో ఉంటే తప్ప ఖాళీ. వాళ్లను అడిగాను, కరెంటు బిల్లుకని మూడు వందలు ఇమ్మన్నారు. ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఉన్నాయి.


సౌండ్ పని · బుధవారం ఉదయం 9:10

వాయించడం నా పని కాదు, సౌండ్ సిస్టమ్ పని చేస్తాను, మా తమ్ముడు నేర్చుకుంటున్నాడు కాబట్టి ఇది చదువుతున్నా. నాలుగు మాటలు చెప్పాలి.

డిజిటల్ పియానో పదకొండు, పన్నెండు కిలోలే ఉంటుంది, కానీ నాలుగు అడుగుల పైనే పొడవు, ఆటోలో అడ్డంగా పట్టదు. వెనక సీట్లో ఏటవాలుగా పెట్టి కీస్ వైపు పైకి ఉండేట్టు దుప్పటి చుట్టండి. చిన్న మోడళ్లకు విడిగా లైన్ అవుట్ ఉండదు, హెడ్‌ఫోన్స్ జాక్ ఒక్కటే ఉంటుంది. దాన్నుంచి స్పీకర్‌కి తీసుకుంటే లోపలి స్పీకర్లు ఆగిపోతాయి, వాయించేవాళ్లకు తమ శబ్దం తమకే సరిగ్గా వినబడదు. ఇరవై మందికి పియానో సొంత స్పీకర్లే చాలు. దాన్ని గోడకు ఒక అడుగు దూరంలో, గోడకు వీపు చేసి పెట్టండి, శబ్దం నిండుగా వస్తుంది.

పెడల్ నున్నటి టైల్స్ మీద జారుకుంటూ పోతుంది. వాయించే మనిషి పాదంతో దాన్ని వెతుక్కోవడంలోనే పీస్ అయిపోతుంది. కింద రబ్బరు పట్టా వేయండి. ఇంకోటి, పెడల్ తొక్కి ఉన్నప్పుడు స్విచ్ వేస్తే కొన్ని మోడళ్లలో అది తిరగబడుతుంది, తొక్కితే ఆగుతుంది, వదిలితే మోగుతుంది. కంగారు పడకుండా కాలు తీసి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే సరిపోతుంది.

కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? హాల్లో ఇన్వర్టర్ ఉందో లేదో, ఏ ప్లగ్గుకి వస్తుందో ముందు రోజే చూసుకోండి.


నాటకాల హార్మోనియం · బుధవారం రాత్రి 7:55

అయ్యా, నాకు డెబ్బై ఒక్క ఏళ్లు. మా మనవడు ఇది చదివి వినిపించాడు, నేను చెప్తుంటే వాడే రాస్తున్నాడు. పద్యనాటకాలకు ముప్పై ఐదేళ్లు హార్మోనియం వాయించాను. సురభి నాటకాలు పుట్టింది మన జిల్లాలోనే, సురభి అనే పల్లెలో, 1885లో. ఆ గాలి తగిలిన ఊళ్లలోనే నేను తిరిగాను. రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారుజాము దాకా, నటుడు రాగం ఎంత సాగదీస్తే అంతసేపు వెంట పోయేవాణ్ణి.

మా పెట్టెకు గమకం పలకదని ఆకాశవాణి వాళ్లు 1940లో దాన్ని లోపలికి రానివ్వం అన్నారు, 1971 దాకా ఆ తలుపు మూసే ఉంది. మీ పియానోకి కూడా గమకం పలకదు కదా. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య ఏమీ ఉండదు. అయినా ఆ మెట్ల మీదే ఏదో ఒకటి పలికించాలని నేను బతుకంతా పాటుపడ్డాను. కుడిచెయ్యి నాకు బాగా ఆడుతుంది, ఎడమచేత్తో బెల్లోస్ (గాలితిత్తి) కొట్టడమే తప్ప మెట్లు నొక్కి ఎరగను. నాలాంటివాణ్ణి కూర్చోనిస్తారా? వాయించనివ్వకపోయినా పరవాలేదు, వింటాను.


నాలుగో వేలు · బుధవారం రాత్రి 8:20

పెద్దాయనా, మీరు ముందు వరసలో కూర్చోవాలి. వాయించాలి కూడా. మీకు ఒక సంగతి చెప్తాను, మీకు నచ్చుతుంది. ముత్తుస్వామి దీక్షితులు గారు తెల్లవాళ్ల బ్యాండు బాణీలు విని వాటికి సంస్కృత సాహిత్యం రాశారు, నొట్టుస్వరాలంటారు, నలభై దాకా ఉన్నాయి. అన్నీ శంకరాభరణం రాగంలోనే. బ్రిటన్ రాజుగారి గీతం బాణీకి కూడా ఆయన సాహిత్యం ఉంది. ఆ బాణీలు గమకాలు లేకుండానే నడుస్తాయి. శంకరాభరణం అంటే పియానో మీద సి మేజర్, సి దగ్గర షడ్జం పెట్టుకుంటే అన్నీ తెల్ల మెట్లే. మీరు కుడిచేత్తో స్వరం వాయించండి, నేను పక్కన కూర్చుని ఎడమ వైపు చూసుకుంటాను.


ప్రొద్దుటూరు ఎడమచెయ్యి · బుధవారం రాత్రి 8:31

నాలుగో వేలు గారూ, మొన్న క్లాసికల్ మాత్రమే అన్న మీరేనా! చదివితే కడుపు నిండింది సార్.


నడి సి · గురువారం ఉదయం 6:50

ఇద్దరు ఒకే పియానో మీద వాయించే మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, మన క్లబ్బుకు అసలు పునాది అదే కావాలని నాకనిపిస్తుంది. గ్రామఫోను రాకముందు యూరప్‌లో సింఫనీలు చాలామంది విన్నది ఇంట్లో నాలుగు చేతులతో వాయించుకునే. ఆర్కెస్ట్రా ఉన్న నగరానికి దూరంగా ఉన్న ఊళ్లవాళ్లు అక్కాచెల్లెళ్లో స్నేహితులో పక్కపక్కన కూర్చుని ఆ సంగీతమంతా ఇంటికి తెచ్చుకున్నారు. మన సంగతి కూడా అదే కదా.

కొత్తవాళ్ల కోసం డియాబెల్లి అనే వియన్నా ఆయన రాసిన ఓపస్ 149 (ఆయన రచనల్లో 149వ నంబరు) ఉంది. 28 చిన్న పీసులు. పై భాగం వాయించేవాళ్లకు ఐదు స్వరాలే ఉంటాయి, చెయ్యి కదపనక్కర్లేదు. కింది భాగం అనుభవం ఉన్నవాళ్లు వాయిస్తారు. కాపీరైట్ లేనిది, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పెడల్ సాధారణంగా కింది భాగం వాళ్లే తొక్కుతారు, అది ముందే చెప్పుకోకపోతే ఇద్దరి కాళ్లూ ఒకేసారి పోతాయి. దీనికి మాత్రం 88 కీస్ కావాలి, లేకపోతే మోచేతులు తగులుతాయి.

ఒంటరిగా ఆగిపోయేవాళ్లు పక్కన ఇంకొకరు లెక్క పెడుతూ వాయిస్తుంటే ఆగరు, ఆగినా రెండు బార్ల తర్వాత మళ్లీ ఎక్కుతారు. మా క్లాసులో నేనే చూశాను చిన్నప్పుడు.


గ్రేడ్ 3 అమ్మ · గురువారం ఉదయం 10:00

మేడమ్, మా పాపతో మీరు వాయిస్తారా? ఇది చదివి వినిపిస్తే మొదటిసారి "వస్తా" అంది.


నడి సి · గురువారం ఉదయం 10:04

వాయిస్తాను. మొదటి మూడు పీసులు ప్రింట్ తీసి ఇవ్వండి, పై భాగం మాత్రమే నేర్పండి.


క్వైర్ అన్న · గురువారం రాత్రి 9:45

భయం గురించి కొంచెం. నేను పడి నేర్చుకున్నవి. ఈ వారం నేర్చుకున్న పీస్ తీసుకురావద్దు, కనీసం మూడు నెలల పాతదై ఉండాలి. ఇంట్లో వాయించే వేగం కన్నా కాస్త తగ్గించి మొదలుపెట్టండి, నలుగురి ముందు గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి మనకు తెలియకుండానే వేగం పెరుగుతుంది. పీస్‌లో నాలుగైదు చోట్ల గుర్తు పెట్టుకుని, ఏ గుర్తు దగ్గరి నుంచైనా మొదలుపెట్టేట్టు సాధన చేయండి. తప్పు పడితే వెనక్కి పోవద్దు, ముందున్న గుర్తుకు దూకండి. పాలకొండల గాలి గారు ఎనిమిదో బార్ దగ్గర ఆగి మొదటికి పోయారు కదా, అందుకే మళ్లీ అక్కడే ఆగారు. చేతులకు ఆ దారే తెలుసు.

ఇంకా, వాయించినవాళ్లు అడిగితే తప్ప ఎవరూ సలహా ఇవ్వకూడదు. చప్పట్లు కొట్టండి, టీ తాగండి.


సౌండ్ పని · శుక్రవారం మధ్యాహ్నం 12:20

సొసైటీగా రిజిస్టర్ చేయించుకుంటే బాగుంటుంది కదా? బ్యాంకు ఖాతా ఉంటుంది, హాలు వాళ్లు కూడా మర్యాదగా చూస్తారు.


పాలకొండల గాలి · శుక్రవారం రాత్రి 9:15

2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి, నియమావళి రాయాలి, ఏటా లెక్కలు చూపాలి. ముందు ఆరు నెలలు కలుద్దాం. ఆరో నెల కూడా ఏడుగురం మిగిలి ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పటికి హాలు మూడు వందలు, టీ, కారం బొరుగులు, మనిషికి యాభై రూపాయలు, పిల్లలకూ పెద్దాయనకూ వద్దు. వచ్చే ఆదివారం పదిన్నర.


పాలకొండల గాలి · తర్వాతి ఆదివారం సాయంత్రం 4:30

అయ్యింది! పదకొండు మందిమి వచ్చాం, వాయించింది ఏడుగురు. అంతా రాస్తాను, రాకుండా చదివేవాళ్ల కోసం.

మొదటి ఇబ్బంది ఎవరూ ఊహించనిది. ఫ్యాన్లు. మన ఊళ్లో ఫ్యాన్ ఆపి కూర్చోలేం, వేస్తే స్టాండ్ మీద కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఎర్రముక్కపల్లి తమ్ముడు వాయిస్తుంటే రెండో పేజీ పోయి సౌండ్ పని అన్న ఒళ్లో పడింది. హాలు పక్కింటి ఆమెను అడిగి బట్టల క్లిప్పులు ఆరు తెచ్చి పెట్టాం, తర్వాత అంతా సవ్యంగా సాగింది. వచ్చే నెల అందరూ నాలుగేసి క్లిప్పులు తెచ్చుకోండి.

తమ్ముడే మొదట వాయించాడు, బాఖ్ ప్రిల్యూడ్. చాలా నెమ్మదిగా వాయించాడు, ఒక చోట ఆగాడు, రెండు క్షణాలు చూసి తర్వాతి గుర్తుకు దూకి పూర్తి చేశాడు. ప్రొద్దుటూరు అన్న ఎడమచేతి బాణీ వింటుంటే ఆ పాట నేను ఇన్నేళ్లూ సగమే విన్నాననిపించింది, బేస్ ఎటు పోతుందో మొదటిసారి తెలిసింది. పాప, మేడమ్ కలిసి డియాబెల్లి మూడు పీసులు వాయించారు. రెండోదాని మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గు ఇంకో గోడకు ఉంది, నేను ముందు రోజు చూడలేదు, తప్పు నాదే. ప్లగ్గు మార్చేదాకా పాప బెంచీ దిగలేదు. ఆగిపోయిన బార్ నంబరు గుర్తు పెట్టుకుని, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టింది. వాళ్ల తాతగారు వెనక వరసలో ఉన్నారు.

నేనూ వాయించాను. ఆ ఎనిమిదో బార్ దాటాను. పన్నెండో బార్‌లో తప్పు పడింది, ముందుకు పోయాను.

పెద్దాయన గురించి నాలుగో వేలు గారు రాస్తే బాగుంటుంది.


నాలుగో వేలు · తర్వాతి ఆదివారం రాత్రి 8:50

రాస్తాను. ఆయన బెంచీ మీద కూర్చోగానే ఎడమచెయ్యి దానంతట అదే వెనక్కి పోయింది, బెల్లోస్ కోసం. లేదని గుర్తొచ్చి ఒళ్లో పెట్టుకున్నారు. పెట్టెలో అయితే గాలి ఉన్నంతసేపు స్వరం నిలుస్తుంది, పియానోలో కొట్టిన వెంటనే తగ్గిపోతుంది, మొదటి నాలుగు స్వరాలకు ఆయన ముఖంలో అదేమిటన్నట్టు ఉంది. మెట్టు అట్లాగే నొక్కి పట్టుకుని చూశారు. "ఇది పోతూ ఉంటుందే" అన్నారు. అప్పుడు నేను పెడల్ తొక్కాను. ఒక్క స్వరం మీద చాలాసేపు చెవి పెట్టి ఉన్నారు.

తర్వాత నొట్టుస్వరం ఒకటి వాయించాం, ఆయన పైన, నేను కింద. నేను కార్డ్ మార్చిన చోట ఆయన నా వైపు తిరిగి, మళ్లీ అదే చోటు వాయించమన్నారు. మూడుసార్లు వాయించాం. నేను పదిహేనేళ్లు ఒంటరిగా సాధన చేశాను, పరీక్షలు రాశాను, నా కార్డ్ మార్పు విని ఇంకోసారి అని అడిగిన మనిషి ఆయనే మొదటివారు.


నాటకాల హార్మోనియం · తర్వాతి ఆదివారం రాత్రి 9:30

అయ్యా, వచ్చే నెలకు నాకు ఆ ఐదు స్వరాలవి కావాలి, పాప వాయించినవి. స్టాఫ్ నొటేషన్, ఆ ఐదు గీతల మీద రాసేది, నాకు రాదు, సరిగమల్లో రాసి ఇస్తే చాలు. అక్షరాలు పెద్దగా ఉండాలి, కళ్లు సరిగా ఆనడం లేదు.


ఎర్రముక్కపల్లి 61 · తర్వాతి ఆదివారం రాత్రి 9:41

తాతా, నేను రాసి పెద్ద షీట్ మీద ప్రింట్ తీసి బుధవారం ఇంటికి తెచ్చిస్తా. కింది భాగం నేను నేర్చుకుంటా, మనిద్దరం వాయిద్దాం. మనవణ్ణి అడ్రస్ నాకు విడిగా పంపమనండి.